బారామహలు ప్రభువు జగదేవరాయలు

మన ప్రాంతంలో పెద్దలు కొత్తగా పరిచయమైన పిల్లవానిని మొదట ఇంటిపేరు అడుగుతారు. ఆ ఇంటిపేరు చాలాసార్లు ఒక ఊరి పేరై ఉంటుంది. ఆ ఊరు హోసూరు చుట్టుపక్కల కనబడదు. పెన్నకు ఆవలనో, ఇంకా ఉత్తరాననో ఉంటుంది. అమెరికాలో తూర్పు తీరం నుండి పడమటికి సాగిపోయిన కుటుంబాల వారు తమ పూర్వులను వెదకుకొనడానికి 1790 నుండి పదేండ్లకొకసారి జరిగిన జనాభా లెక్కలున్నవి. మనకు ఆ సదుపాయం లేదు. మనకున్నవి ఇంటిపేర్లు, శిలాశాసనాలు, కైఫీయతులు. ఈ దారిన దక్షిణానికి వచ్చి, తరువాత పడమటికి సాగిన తెలుగు కుటుంబాలలో చరిత్రకెక్కిన పేరు జగదేవరాయలది.

1565లో రక్కసతంగడి యుద్ధంతో విజయనగరం పాడుపడినది. అరవీటి తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చారు. శత్రువులు అక్కడికీ వచ్చారు. 1577 నాటి ముట్టడిలో కోటను కాపాడిన వీరుడుగా జగదేవరాయలను మైసూరు గెజిటీరు పేర్కొన్నది. ఫెరిష్తా చరిత్రలోనూ ఆయన పేరు వస్తుంది గాని, అక్కడ చెప్పినది వెంకటపతిరాయల కాలంలో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా చేసిన ముట్టడి. కొందరు ఈ రెంటినీ ఒకటిగా కలిపి వ్రాస్తారు. వెంకటపతిరాయలు సింహాసనమెక్కినది 1586 ప్రాంతంలో. జగదేవరాయలు చన్నపట్నం కోట కట్టినది 1580 ప్రాంతంలో. కోట కట్టుకొనే అధికారం అంతకు ముందటి సేవకే దక్కి ఉండాలి గనుక, పెనుకొండకు ఆయన రెండుమార్లు అండగా నిలిచినట్లే నేను భావిస్తున్నాను.

రెండవ ముట్టడి కథ చిత్రమైనది. వెంకటపతిరాయలు సంధి మాటలు నడిపారు. గోల్కొండ సేన కోట గోడల నుండి వెనుకకు తగ్గినది. ఆ కొద్ది రోజుల ఎడంలోనే కోటలోకి ధాన్యం చేరినది. ముప్పది వేల తుపాకీ బంట్లతో జగదేవరాయలు మొదలైన నాయకులూ లోపల ప్రవేశించారు. అంకె ఫెరిష్తాది, ఓడిన పక్షం శత్రుబలాన్ని పెంచి చెప్పడం లోకసహజం. వానకాలం దగ్గర పడినది. కృష్ణ పొంగితే తిరుగుదారి మూసుకొనిపోతుందన్న భయంతో సుల్తాను ముట్టడి ఎత్తివేశాడు.

పెనుకొండను కాపాడినందుకు జగదేవరాయలకు లభించిన సీమ ఆదాయం ఏటా తొమ్మిది లక్షల వరహాలని చెబుతారు. అందులో మన బారామహలు ఒక భాగం. ఆయన మొదట రాజధాని చేసుకొన్న జగదేవి, కృష్ణగిరికి చేరువలో బర్గూరు ప్రాంతంలో ఉన్నది. ఆయనకు పన్నెండుగురు కుమారులనీ, ఒక్కొక్కరికి ఒక్కొక్క కోట ఇవ్వడం వలన బారామహలు అన్న పేరు వచ్చినదనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. బారా అంటే పన్నెండు గనుక కథ పుట్టడం సులభమే. కృష్ణగిరి, జగదేవి, మహారాజగడ, గగనగడ, తట్టకల్లు అంటూ పన్నెండు కోటల జాబితాలు చెబుతారు గాని, ఒకరి జాబితా మరొకరి దానితో కలవదు.

జగదేవరాయలు ఇక్కడితో ఆగలేదు. పడమటికి కదలి, బెంగళూరు నుండి మైసూరుకు పోవు దారిలో చన్నపట్నంలో కోట కట్టి దానిని రాజధాని చేసుకొన్నారు. (ఇది నేడు కొయ్యబొమ్మలకు ప్రసిద్ధమైన ఊరు, మన పెద్దలు చెన్నపట్నమని పిలిచే మద్రాసు కాదు.) కన్నడ దేశం నడిమధ్యన రాజ్యం చేసినా, అక్కడి గ్రంథాలు ఆయనను తెలుగు బణజిగ కులస్థుడనే వ్రాసినవి. ఊరు మారినా, చుట్టూ వినబడే భాష మారినా, ఆయన పేరుకు ముందు తెలుగు అన్న మాట నిలిచిపోయినది. వంశం జాడ వెదకువారికి ఇంతకంటె విలువైన ఆధారం అరుదు.

ఆధారం ఉన్నంత మాత్రాన తొందరపాటు తగదు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా వద్ద నాయకుడుగా ఉండి, తిరుగబడి, బీరారుకు, ఆ పిమ్మట విజయనగరానికి చేరిన జగదేవరావు ఒకరున్నారు. పేరు కలిసినదని ఈ ఇద్దరినీ ఒకే వంశంలో చేర్చడం శాస్త్రం కాదు. హోసూరు, కృష్ణగిరి తెలుగు వారందరూ జగదేవరాయల వెంట వచ్చినవారే అనడమూ అంతే. ఆయనకు ముందు వచ్చినవారున్నారు, చాలా తరువాత వచ్చినవారూ ఉన్నారు. అయితే మన పాఠశాల వయస్సు డెబ్బది అయిదేండ్లే కదా, ఇక్కడి తెలుగు కూడా నిన్నటిదే కదా అని ఎవరైనా అంటే, నాలుగు వందల ఏండ్ల నాటి ఈ ప్రభువు పేరు మన పిల్లలకు తెలిసి ఉండాలి.

వంశపాలన దీర్ఘకాలం సాగలేదు. పెనుకొండ నుండి చంద్రగిరికి, అక్కడి నుండి వేలూరికి రాయల రాజధాని తరలిపోతున్న కొద్దీ సామంతులకు అండ తగ్గినది. మైసూరు ఒడయరులు 1610లో శ్రీరంగపట్టణం పట్టుకొన్నారు. చామరాజ ఒడయరు 1630లో చన్నపట్నాన్ని జయించడంతో జగదేవరాయల వంశం అధికారం ముగిసినది. బారామహలు పలువురి చేతులు మారి, 1792 శ్రీరంగపట్టణం సంధితో కంపెనీ వారికి దక్కినది. అలెగ్జాండర్ రీడ్, ఆయన క్రింద తామస్ మన్రో ఇక్కడ శిస్తు నిర్ణయానికి పూనుకొన్నారు. జగదేవి గ్రామం నేటికీ ఆ పేరుతోనే ఉన్నది. కృష్ణగిరి నుండి ఒక పూటలో పోయి చూచి రావచ్చును.