డోర్నకల్లు బిషప్ అజరయ్యగారి జీవితము

తాను నమ్మిన సత్యమును పరులకు చెప్పుట ధర్మమా, లేక పరుల మనస్సులపై చేయు దౌర్జన్యమా యను ప్రశ్న మన దేశమున చిరకాలమునుండి చర్చింపబడుచున్నది. తనకు శాంతినిచ్చినదానిని దాచికొనుట స్వార్థమని కొందఱందురు. ఆకలిగొన్నవాని యాకలిని ఆధారముగా గొని మతమును బోధించుట అధర్మమని మఱికొందఱందురు. ఈ రెండు వాదములలోను సత్యము కలదు. వట్టి తర్కముచేత ఈ వివాదము తీరునది కాదు. ఈ భారమును జీవితాంతము మోసిన యొక మనుష్యుని చరిత్రమును పరిశీలించినచో కొంత వెలుగు దొరకును. అట్టివాడు మన తెలంగాణమున, బొగ్గుగనుల వాకిటనే నివసించిన వేదనాయగము సామ్యూలు అజరయ్యగారు.

అజరయ్యగారు పుట్టుకచేత తెలుగువారు కారు. ఆయన 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమయందలి వెళ్లాళన్విళై యను పల్లెలో జన్మించిరి. వారిది నాడారు కులము. ఆ కులమువారిని ఆ కాలమున పై జాతులవారు హీనముగా జూచుచుండిరి. తండ్రి తామసు వేదనాయగముగారు హిందూకుటుంబమున బుట్టి క్రైస్తవమును స్వీకరించి ఆ పల్లెయందే గురువుగా నుండిరి. తల్లి ఎల్లెనుగారు చిరకాలము ప్రార్థించి కనిన కుమారుడు గావున బిడ్డకు సామ్యూలని పేరు పెట్టిరి. 1889లో తండ్రి గతించిన పిమ్మట ఆ తల్లియే కఠినమైన క్రమశిక్షణతో కుమారుని పెంచెను. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితము చదివిరి గాని, తుదిపరీక్షాకాలమున జబ్బుపడి పట్టము పొందకయే బయటికి వచ్చిరి. పట్టము లేని ఆయనకే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవపట్టము నొసగెను.

1895 మొదలు పదునాలుగేండ్లు ఆయన క్రైస్తవ యువజన సంఘమునకు కార్యదర్శిగా దక్షిణదేశమెల్ల తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. దక్షిణదేశపు క్రైస్తవస్త్రీలలో కళాశాలలో చదివిన మొదటివారిలో ఆమె యొకతె. పిమ్మట భర్త చేసిన ప్రతి కార్యమునందును ఆమె సమభాగిని యయ్యెను.

ఆయన జీవితమును మలుపు త్రిప్పిన సంఘటనము 1902లో సింహళద్వీపమందలి యాళ్పాణమున జరిగెను. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ ధనముతో, తమ మనుష్యులతో సువార్తను చాటుచుండుట ఆయన కన్నులార జూచిరి. తమ తిరునెల్వేలిలో నూఱేండ్లనుండి క్రైస్తవులున్నను, పరుల కీయవలసిన భారమంతయు దొరలదే యని వారు నిశ్చింతగా నుండుట తలచుకొని ఆయన సిగ్గుపడిరి. స్వీకరించుటయే గాని యిచ్చుట యెఱుగని విశ్వాసము సగము చచ్చినదని ఆయనకు తోచెను. మఱుసటి సంవత్సరమే, 1903 ఫిబ్రవరి 12వ తేదీన, తిరునెల్వేలి భారత మిషనరీ సంఘము స్థాపితమయ్యెను. భారతీయుల ధనము, భారతీయుల పరిపాలనము, భారతీయులైన బోధకులు, ఇదియే దాని నియమము. 1905 డిసెంబరు 25వ తేదీన సీరాంపూరున జాతీయ మిషనరీ సంఘమును స్థాపించినవారిలోను ఆయన ముఖ్యులు.

ఈ తిరునెల్వేలి సంఘము తన పనికై యెన్నుకొనిన క్షేత్రము నిజాము రాష్ట్రమున ఓరుగంటి ప్రాంతమునందలి డోర్నకల్లు. చదువరులలో పలువురు ఆ యూరి నొక రైలుకూడలిగా మాత్రమే యెఱుగుదురు. 1871లో డాక్టరు కింగుగారు ఇల్లందు చెంత బొగ్గును కనుగొనిరి. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. సింగరేణి యను పల్లె పేరు గనులకును, పిదప 1920లో కంపెనీకిని చెల్లెను. ఆ గనుల బొగ్గు డోర్నకల్లు కూడలికి వచ్చి ప్రధానమార్గమును చేరుచుండెను. తరువాతి కాలమున గోదావరిఖని, రామగుండముల వరకు వ్యాపించిన ఆ గనుల సీమకు డోర్నకల్లే తొలిద్వారము. నేల క్రిందినుండి నల్లని సంపద పైకి వచ్చుచున్న ఆ త్రోవలోనే, సంఘము క్రింద అణగియున్న మనుష్యులను పైకి దెచ్చుటకు అజరయ్యగారు వచ్చిరి.

సంఘమును స్థాపించి ఒరులను పంపుట సులభము. తాను పోవుట కష్టము. ఇతరులను పొమ్మని చెప్పుచు తాను పట్టణముల నుండుట ఆయన మనస్సునకు సమ్మతము గాలేదు. కావున 1909లో కార్యదర్శిపదవిని విడిచి, గురుపట్టము పొంది, ముప్పదియైదేండ్ల ప్రాయమున తెలుగు నేర్చుకొనుటకు పూనుకొనిరి. తమిళునికి తెలంగాణపు పల్లె పరదేశమే. భాష వేఱు, ఆచారములు వేఱు. తమ బోధ వినవచ్చినవారిలో మాలలును మాదిగలును మిక్కుటముగా నుండిరి.

మఱుసటి సంవత్సరము, 1910లో, ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ కూడెను. సుమారు 1200 మంది ప్రతినిధులలో ఆసియావాసులు వ్రేళ్లపై లెక్కింపదగినంత మందియే. ఆ సభలో అజరయ్యగారు లేచి, దొరలకు రుచింపని మాట చెప్పిరి. మిషనరీలు తమ ఆస్తిని, ప్రాణమును గూడ మా కిచ్చితిరి, అందుకు మేము కృతజ్ఞులము, కాని మాకు మీ స్నేహము కావలెనని ఆయన తాత్పర్యము. ఏండ్ల తరబడి ఒకే యూర పనిచేసినను తెల్లబోధకుడును నల్లబోధకుడును ఒకరి యింట నొకరు భోజనము చేయకుండుటను ఆయన సభ ముందుంచిరి. సభలో కొందఱు కోపించిరి. అయినను ఆ మాటకు అర్థము స్పష్టము. సమానుడుగా నెంచనివానికి తన విశ్వాసమును పంచుట పంచుట కాదు, పైనుండి విసరుట. ఈ మాట దొరలకు మాత్రమే తగులునదా? హరిజనవాడకు పోయి యుపన్యసించి వచ్చి, ఇంటికి రాగానే స్నానము చేయు సంస్కర్తలు మనలో లేకపోలేదు.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింటు పాలు దేవాలయమున ఆయన బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నధిష్ఠించిన ప్రథమ భారతీయుడు ఆయనయే. మొదట చిన్నదిగా నున్న డోర్నకల్లు మండలము పిదప కృష్ణాతీరము వరకు విస్తరించెను. ఎద్దులబండి మీదను, కాలినడకను ఆయన పల్లెలు తిరిగిరి. 1941 నాటికి ఆ మండలమున క్రైస్తవులు రెండు లక్షలకు మించిరి.

ఈ వృద్ధికి కారణము జీతపు బోధకులని తలచువారు పొరబడుదురు. బాప్తిస్మము పొందిన ప్రతివానిచేతను ఆయన స్వహస్తము స్వశిరస్సుపై నుంచుకొన జేసి, సువార్తను ప్రకటింపకపోయినచో తనకు శ్రమ యని పలికించుచుండిరి. పశువులు కాచువాడును, నాటు వేయు కూలిదియు ఆ ప్రమాణము చేయవలసినవారే. ఏటేట సాక్ష్యవారమని యొక వారమును నిర్ణయించిరి. ఆ దినములలో చదువురాని పురుషులును స్త్రీలును గుంపులుగా పొరుగు పల్లెలకు బోయి తమకు కలిగిన మార్పును తమ మాటలలో చెప్పుచు, తెలుగు కీర్తనలు పాడుచుండిరి. ఇంటి యిల్లాండ్రు వంటబియ్యమునుండి పిడికెడు తీసి దేవుని పేరిట దాచుచుండిరి. ఆ పిడికిళ్లే సంఘపోషణకు తోడ్పడెను. బోధకులతోపాటు వారి భార్యలకును డోర్నకల్లున విద్య గఱపిరి.

న్యాయవాదవృత్తి యందున్న నాకు ఇందొక మర్మము కనబడుచున్నది. న్యాయస్థానమున సాక్షి తాను చూచినది చెప్పవలెను గాని, ఒరులు చెప్పగా వింటినన్నచో న్యాయాధిపతి దానిని గ్రహింపడు. మతవిషయమునను అంతే. నిన్నటివఱకు కల్లుపాకలో పడియుండి నేడు బిడ్డను బడికి పంపుచున్నవాడు పలుకు రెండు మాటలు, పండితుని రెండు గంటల యుపన్యాసముకంటె బలవత్తరములు. డోర్నకల్లు మండలమున 1920వ సంవత్సరము తరువాత రైతుకులములవారు సైతము వేలకొలది సంఘమున చేరిరి. వారిని కదలించినది బిషప్పుగారి వాదమునకంటె తమ పొలములలో పనిచేయు మాలమాదిగల నడవడిలో తాము కనులార జూచిన మార్పే.

అంతమాత్రమున అజరయ్యగారి మార్గము నిష్కంటకమని చెప్పరాదు. మాలలకును మాదిగలకును గల వైరము దేవాలయపు గడప లోపలికిని వచ్చెను. ఒకే పాత్రనుండి ప్రభుభోజనము పుచ్చుకొనుడని ఆయన పట్టుబట్టిరి. కొన్నిచోట్ల గెలిచిరి, కొన్నిచోట్ల గెలువలేదు. మతము మారినంతనే కులము చచ్చునని తలచుట భ్రమ యని ఆయనయే యెఱుగుదురు.

ఇంతకంటె పెద్ద పరీక్ష 1935 తరువాత వచ్చెను. ఆ సంవత్సరము అంబేడ్కరుగారు యేవలాలో, తాను హిందువుగా చావనని ప్రకటించిరి. దేశమంతట కలవరము పుట్టెను. గాంధీమహాత్ముడు హరిజనులలో మతప్రచారమును తీవ్రముగా నాక్షేపించి, ఆ దీనులకు మతములలోని తారతమ్యమును విచారించు శక్తి లేదని వ్రాసెను. ఈ యాక్షేపణము త్రోసివేయదగినది కాదు. అన్నమునకై, రక్షణకై, బడికై వచ్చినవారు లేకపోలేదు. అయితే, బీదవాడు ఆలోచింపలేడను మాట అజరయ్యగారి మనస్సును నొప్పించెను. పొట్ట యాకలి గలవానికి ఆత్మ యాకలి లేదా? సంతలో ఎద్దును పరీక్షించి కొనగలవాడు తన దేవుని నిర్ణయించుకొనలేడా? ఇది ఆయన పక్షము.

ఆ పక్షమునకు బలమిచ్చునది ఆయన యంతకు మునుపే చేసిన యొక త్యాగము. 1932లో ప్రభుత్వము మతములవారీగా ప్రత్యేక నియోజకవర్గములను ప్రకటించినప్పుడు, తమ జాతికి లాభకరమని తోచు ఆ యేర్పాటును ఆయన వ్యతిరేకించిరి. క్రైస్తవులు వోట్ల లెక్కగా మాఱినచో వారి సాక్ష్యమును ఎవడును నమ్మడని ఆయన గ్రహించిరి. లాభమును వదలుకొన్న సాక్షి మాటకే విలువ. దానిని ఆయన మాటలతో గాక చేతతో చూపిరి.

డోర్నకల్లున ఆయన కట్టించిన దేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠితమయ్యెను. ధనాభావముచేత ఆ నిర్మాణమునకు ఇరువదియైదేండ్లు పట్టెను. హిందూమంటపముల స్తంభములును, మహమ్మదీయుల గుమ్మటములును అందు కలిసియున్నవి. తన విశ్వాసము పరదేశపు వస్త్రము కాదని ఆ రాళ్లచేత పలికించిరి. 1919లో తరంగంబాడి సభలో ఆరంభించిన సంఘైక్యప్రయత్నము ఫలించి 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణభారత సంఘ మేర్పడెను. ఆ దినమును చూచుటకు ఆయన బ్రదికియుండలేదు. 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్లున కన్నుమూసి, ఆ దేవాలయము చెంతనే సమాధి చేయబడిరి.

ఈ జీవితమునుండి మనము నేర్వదగిన దేమి? క్రైస్తవులు కానివారు ఆయన సిద్ధాంతముల నంగీకరింప నక్కరలేదు. కాని సత్యమని నమ్మినదానిని చెప్పబూనిన ప్రతివాడును, వాని మతమేదైనను, మొదట తన్ను తాను మూడు ప్రశ్న లడుగుకొనవలెను. నేను చెప్పునది నా జీవితమున చూచినదా, విన్నదా? వినువాని ప్రక్కను గూర్చుండి ఒక విస్తరిలో భుజింపగలనా? వాడు కాదన్నచో వానియందు నా స్నేహము తగ్గకుండునా? ఈ మూటికిని అవునని చెప్పగలవాడు నోరు తెఱచుగాక. చెప్పలేనివాడు మొదట తన యింటిని చక్కబెట్టుకొనుట మేలు.