చిన్న ఖజానాలో పెద్ద పని – సర్ అక్బర్ హైదరీ జీవితం

మన సంఘ కుటుంబాలలో ఈ దినం బి.కాం., ఎం.కాం. పాసైన పిల్లలకు కొదవ లేదు. తిరుపతి, తిరుచానూరు, చిత్తూరు పక్కన ఏ ఇంట్లో అడిగినా ఒకరు కువైటులోనో, దుబాయిలోనో ఉండనే ఉంటారు. అయితే లెక్కల చదువు చదివిన పిల్లవానికి పరాయి దేశంలో, అదీ ఒక చిన్న ఊరి ఆఫీసులో ఉద్యోగం వస్తే తల్లిదండ్రులు వెనకాడుతారు. పెద్ద పట్నంలో పెద్ద బ్యాంకు ఉండగా చిన్న చోటికి పోవడం దేనికని వారి సందేహం. అటువంటి వారి కోసమే సర్ అక్బర్ హైదరీ గారి చరిత్రను ఈ సంచికలో నాలుగు మాటలలో చెప్పదలచినాము.

హైదరీ గారు 1869 నవంబరు 8న బొంబాయిలో ఒక వర్తక కుటుంబంలో పుట్టినారు. అక్కడి సెయింట్ జేవియర్ కాలేజీలో చదివి, 1888లో ఇంకా నూనూగు మీసాల వయసులోనే బ్రిటిషు ఇండియా ఆర్థిక శాఖలో చేరినారు. ఆ కాలంలో ఆ కొలువు భారతీయులకు దొరకడమే అరుదు. ఊరూరు తిరిగి ఖజానా లెక్కలన్నీ నేర్చినారు. అక్కడే ఉండి ఉంటే మెట్టు మెట్టుగా ఎక్కి, గౌరవంగా పెన్షను పుచ్చుకొని ఉందురు.

కానీ 1905లో ఆయనను నిజాం సంస్థానానికి అకౌంటెంట్ జనరల్‌గా పంపినారు. ఈనాటి పిల్లలకు హైదరాబాదు మన దేశంలోని ఊరే. ఆనాడు అట్ల కాదు. అక్కడ పాలన వేరు, తపాలా వేరు, సుంకాలు వేరు, నాణెం కూడా వేరే. హాలీ సిక్కా 7 రూపాయలు ఇస్తే సుమారుగా బ్రిటిషు రూపాయలు 6 వచ్చేవి. ఆ మారకపు ధర ఎక్కి దిగినప్పుడల్లా షరాబులకు లాభం, రైతుకూ ఖజానాకూ చిక్కు. 1901 లెక్క ప్రకారం జనాభా 1 కోటి 11 లక్షలు. బ్రిటిషు ఇండియా ముందర అది చిన్న బజారే. పైగా 1899–1900 కరువు దెబ్బకు ఖజానా నలిగి ఉండింది.

చిన్న చోటులోని బరకత్తు ఇక్కడే ఉన్నది. పెద్ద ఆఫీసులో ఒక మనిషికి ఒకే ఫైలు. చిన్న రాజ్యంలో పన్ను, నాణెం, రైలు, చెరువు, బడి అన్నీ ఒకే బల్ల మీదికి వస్తాయి. హైదరీ గారు 1907లో ఆర్థిక కార్యదర్శి, 1911లో హోం కార్యదర్శి అయినారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చినప్పుడు ఆయన భార్య ఆమినా బేగం గారు బాధితులకు చేసిన సేవకు కైసరె హింద్ పతకం వచ్చింది. వచ్చిన చోటును పరాయిదని అనుకోలేదు ఆ దంపతులు.

హోం కార్యదర్శిగా ఉండగానే 1917లో ఉర్దూలో పై చదువులు చెప్పే విశ్వవిద్యాలయం కావాలని నిజాముకు విన్నపం రాసినారు. 1918లో ఉస్మానియా ఏర్పడింది. సైన్సు, లెక్కలు, చరిత్ర పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చేందుకు తర్జుమా శాఖ పెట్టినారు. సంస్థానంలో తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారే ఎక్కువ గనుక వారి భాషలకు ఆ భాగ్యం దక్కలేదన్న మాట కూడా నిజమే. ఉర్దూ బడిలో పాఠాలు చెప్పే మేము ఈ సంగతిని దాచిపెట్టము. అయినా దేశభాషలో డిగ్రీ చదువు చెప్పవచ్చునని రుజువు చేసింది ఉస్మానియానే.

ఒకసారి తిరిగి బొంబాయికి పోయినా, 1921లో హైదరాబాదు ఆయనను ఆర్థిక మంత్రిగా పిలిపించుకున్నది. ఏ శాఖకు ఎంత అని ముందుగానే కట్టడి చేసి, ఆ సొమ్ములోనే పని జరగాలన్న పద్ధతి 1922లో తెచ్చినారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు నెల మొదట్లో బియ్యానికింత, ఫీజుకింత అని డబ్బాలలో పెట్టేదీ ఇదే లెక్క. మిగిలిన దానితో నిధులు కట్టినారు. 1929లో పరిశ్రమలకు సాయంగా ప్రత్యేక నిధి ఏర్పడింది. 1930 ఏప్రిల్ 1న నిజాం రైల్వేను ఇంగ్లీషు కంపెనీ చేతి నుండి సంస్థానం కొనుక్కున్నది. అజంతా గుహల బొమ్మలు పాడు కాకుండా కాపాడే పనికీ ఆయన అండ ఉండింది.

చిన్న ఖజానాలో నేర్చిన విద్యే ఆయనను లండను రౌండ్ టేబుల్ సమావేశాలకు హైదరాబాదు ప్రతినిధుల నాయకునిగా తీసుకుపోయింది. 1937లో సంస్థాన ప్రధాని అయినారు. 1941లో వైస్రాయి కార్యవర్గంలో చేరి, 1942 జనవరిలో ఢిల్లీలో కన్నుమూసినారు.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లవాడు చిన్న దేశానికి పోతాడంటే జీతమెంతని మాత్రమే అడగవద్దు. ఎన్ని రకాల పని చేతికి వస్తుంది, పైవాడు నేర్పేవాడేనా, ఆ చోటి నాణెం, చట్టం, భాష నేర్చే ఓపిక వీనికి ఉన్నదా అని అడగండి. ఈ మూడూ కుదిరితే బిస్మిల్లా అని పంపండి. హిసాబు శుద్ధంగా రాసే చేతికి చిన్న చోటు అంటూ ఉండదు.