పలక ఇచ్చేసి వచ్చిన పిల్లవాడు

రెండో తరగతికి వచ్చిన పిల్లవాడు వాచకంలో ఒక్క వాక్యం చదవలేకపోతే ఇంట్లో మొదట నింద పడేది తల్లి మీదే. దగ్గర కూర్చోబెట్టుకుని చదివించడం లేదంటారు, గారాబం చేసి చెడగొట్టిందంటారు. ఆ తర్వాత పిల్లవాడికి మొద్దు అనే పేరు పడిపోతుంది. మా హిందూపురంలో ఆడవాళ్లం నలుగురం కలిస్తే ఎవరో ఒకరు ఈ బాధ చెప్పుకోకుండా ఉండరు. విన్నప్పుడల్లా నాకు జిడ్డు కృష్ణమూర్తి గారి చిన్నతనం గుర్తొస్తుంది.

ఆయన మనకు దూరపువారేం కాదు. ధర్మవరంలో పాకాల వైపు రైలెక్కితే కదిరి దాటాక మదనపల్లె రోడ్డు స్టేషన్ వస్తుంది. ఆ మదనపల్లెలోనే 1895 మేలో ఆయన పుట్టారు. ప్రపంచమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన తత్వవేత్తగా ఆయన అందరికీ తెలుసు. బడిలో మాత్రం ఆయన పాఠం అప్పచెప్పలేని పిల్లవాడు.

తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. వాళ్లకు ఎనిమిదో సంతానం కాబట్టి దేవకీదేవి కొడుకును తలుచుకుని కృష్ణ అని పేరు పెట్టుకున్నారు. కడపలో ఉన్నప్పుడు పసివాడికి మలేరియా వచ్చి చావు తప్పి బయటపడ్డాడు. ఆ జ్వరం ఏళ్ల తరబడి తిరగబెడుతూనే ఉండేది. బడికి పోయే రోజులు తక్కువ, పోయినా మనసు పాఠం మీద ఉండేది కాదు. చీమల్నీ మబ్బుల్నీ చూస్తూ ఎంతసేపైనా నిలబడిపోయేవాడట. అయ్యవార్లు కొట్టేవారు. ఇంట్లో తండ్రీ కొట్టేవాడు.

ఈ పిల్లవాడి గురించి తండ్రే తర్వాత కొన్ని సంగతులు చెప్పారు. బడికి పలకా బలపం పట్టుకుని వెళ్లి, వాటిని ఎవరో లేని పిల్లవాడికి ఇచ్చేసి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడట. గుమ్మంలోకి బిచ్చగాళ్లు వస్తే తల్లి ఇచ్చిన బియ్యమంతా మొదటివాడి జోలెలోనే పోసేసి మళ్లీ లోపలికి వచ్చేవాడట. ఒకరోజు ఇంట్లో గడియారం విప్పి కూర్చున్నాడు. అది ఎలా తిరుగుతుందో తెలుసుకుని, మళ్లీ బిగించేదాకా బడికి పోలేదు, అన్నానికీ లేవలేదు. ఆలోచించి చూడండి. గడియారం విప్పి బిగించినవాడికి బుర్ర లేదంటామా? ఆ బుర్ర పలక మీద కనిపించలేదు, అంతే.

1905 చివర సంజీవమ్మ పోయారు. అప్పటికి కృష్ణకు పదేళ్లు. 1909 జనవరిలో తండ్రి దివ్యజ్ఞాన సమాజంలో పనికి కుదిరి పిల్లల్ని తీసుకుని మద్రాసు అడయారుకు చేరారు. అన్నదమ్ముల్ని మైలాపూరులో బడికి పంపారు. పాఠం రాలేదని కృష్ణకు దాదాపు రోజూ బెత్తం దెబ్బలే. క్లాసులోంచి వరండాలోకి తోసేస్తే అక్కడే ఏడుస్తూ ఉండిపోయేవాడు. మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు నిత్యానంద చురుకైనవాడు. బడి వదిలాక ఆ తమ్ముడే వచ్చి అన్న చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. ఈ జీవితకథలో నాకు కళ్లు చెమర్చేది ఈ ఒక్క చోటే.

అడయారులో వాళ్లకు పాఠాల్లో సాయపడిన ఎర్నెస్ట్ వుడ్ కూడా కృష్ణను మందబుద్ధి కిందే లెక్కగట్టారు. ఆ ఏడాదే లెడ్‌బీటర్ దృష్టి ఈ పిల్లవాడి మీద పడింది, లోకగురువు అవుతాడని ఆ సమాజం నమ్మింది. వాళ్ల నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఒక మేలు జరిగింది. బడి మాన్పించి దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పారు. బెత్తం తప్పాక ఆరు నెలల్లో పిల్లవాడు ఇంగ్లీషు మాట్లాడాడు, రాశాడు. తర్వాత ఇంకా కొన్ని భాషలు పట్టుబడ్డాయి.

అంతమాత్రాన చదువులో గట్టెక్కారని కాదు. అనీబిసెంట్ 1911లో అన్నదమ్ముల్ని ఇంగ్లండు తీసుకెళ్లారు. లండన్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష నిత్య పాసయ్యాడు. కృష్ణమూర్తి మళ్లీ మళ్లీ రాసి తప్పారు, చివరికి డిగ్రీ ఆశే వదులుకున్నారు. 1925లో నిత్య క్షయతో పోయాడు. 1929లో తన కోసం కట్టిన సంఘాన్ని కృష్ణమూర్తి తానే రద్దు చేసి, గురుపీఠం వద్దనుకుని బయటికొచ్చారు. 1986 ఫిబ్రవరిలో 90 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా మాట్లాడుతూనే ఉన్నారు. పుట్టిన ఊరి దగ్గర్లోనే ఆయన చొరవతో రిషి వ్యాలీ స్కూలు వెలిసింది. భయమున్న చోట చదువు సాగదనేది ఆయన జీవితాంతం చెప్పిన మాట. వరండాలో ఏడ్చిన పిల్లవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఆయనకు ఉన్నది డిస్లెక్సియా అని నేననను. ఎవరూ పరీక్షించలేదు, మలేరియా కూడా ఉండె. ఆయన పుట్టిన మరుసటేడు, 1896లో, ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు డాక్టరు ఒక 14 ఏళ్ల అబ్బాయి గురించి వైద్య పత్రికలో రాశారు. తెలివిగలవాడే, చూపు బాగానే ఉంది, అక్షరాలు మాత్రం చదవలేడు. లోకం ఆ సంగతిని అప్పుడప్పుడే గుర్తిస్తోంది. మన బళ్లకు అది చేరడానికి నూరేళ్లు పట్టింది.

పెనుకొండలో మా చెల్లెలి కొడుకు ఉన్నాడు. కోట కథ, రాయలవారి కథ నోటితో చెప్పమంటే గుక్క తిప్పుకోడు. పుస్తకం తెరిస్తే మ, య ఒకటే అంటాడు. దకీ ధకీ తేడా పట్టుబడదు, ఒత్తు కనపడగానే ఆగిపోతాడు, ఒక వరుస చదివి కింది వరుస వదిలేస్తాడు. మన గుణింతాలూ ఒత్తులూ ఇలాంటి పిల్లలకు పెద్ద గండం. వాళ్లది సోమరితనం కాదు. అక్షరానికీ శబ్దానికీ ముడిపెట్టే పని వాళ్ల మెదడుకి కష్టమవుతుంది.

ముందు కళ్లూ చెవులూ చూపించాలి. తేడా అక్కడ లేదని తేలితే పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి. మనకు బెంగళూరు దగ్గరే, అక్కడి నిమ్హాన్స్‌లో ఈ పరీక్షలు చేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి వెసులుబాట్లు అడగొచ్చు. కాగితం చేతికొచ్చేదాకా ఇంట్లో పని ఆపక్కర్లేదు. పళ్లెంలో బియ్యం పోసి, శబ్దం పైకి పలుకుతూ వేలితో అక్షరం దిద్దించండి. అక్షరాభ్యాసం నాడు చేయించిన పనే, దాన్ని రోజూ చేయించడమే. ఒకరోజుకు ఒక్క అక్షరం చాలు. పాఠం మీరు చదివి వినిపించండి, వాణ్ణి నోటితో చెప్పనివ్వండి. నలుగురిలో పైకి చదవమనొద్దని టీచరుగారిని నెమ్మదిగా అడగండి.

కృష్ణమూర్తి గొప్పవారయ్యారు కాబట్టి మన పిల్లలూ అలాగే అవుతారనుకుని ఊరుకుంటే కుదరదు. ఆయన్ని ఎవరో వెతుక్కుంటూ వచ్చారు, మన పిల్లల కోసం ఎవరూ రారు. తమ్ముడు నిత్య చేసిన పని మాత్రం ఏ ఇంట్లోనైనా జరుగుతుంది. బడి వదిలే వేళకి వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురండి. ముందు అన్నం పెట్టండి. పుస్తకం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.