కూల్డ్రేగారు: గోదావరి వెలుగును చిత్రించిన ఉపాధ్యాయులు

చిత్రలేఖనమును జీవనోపాధిగా గైకొనినవారి పేరు చరిత్రలో నిలుచుట సహజము. వేరొక వృత్తిలో దినమంతయు శ్రమించి, మిగిలిన గంటలలో కుంచె పట్టినవారిని లోకము తరచుగా మరచిపోవును. అట్టివారిలో నొకరైన ఆస్వల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రేగారిని మాత్రము తెలుగుదేశము మరువలేదు. అందునకు కారణమేమో మన బాలబాలికల కెరిగింపదలచితిమి.

కూల్డ్రేగారు 1882వ సంవత్సరమున ఇంగ్లండులో, థేమ్సు నదీతీరమందలి ఆబింగ్డన్ పట్టణమున జన్మించిరి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదివి, భారతదేశ విద్యాశాఖలో ఉద్యోగము స్వీకరించి, 1909 మొదలు 1919 వరకు రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. పాలనాభారము, బోధన వారి వృత్తి. కవిత్వము, నీటిరంగుల చిత్రములు వారి విశ్రాంతి. ఒక నది యొడ్డున పుట్టినవారికి మరియొక నది యొడ్డున పని లభించెను. కాని ఆ రెండు నదులపై ప్రసరించు వెలుగు ఒక్కటి కాదు.

నీటిరంగుల పద్ధతిని గూర్చి ఇచ్చట కొంచెము చెప్పవలసియున్నది. ఇందు తెల్లరంగు పూయుట అరుదు. కాగితపు తెలుపే వెలుగుగా నిలుచును. వెలుగు కావలసినచోట కాగితమును ముట్టక విడువవలెను. ఒకసారి పూసిన ముదురురంగును తిరిగి తీసివేయుట కష్టము. కావున కుంచె తడుపుటకు ముందే కన్ను నిర్ణయింపవలెను. ఇంగ్లండులోని తేమగాలికి కాగితము మెల్లగా నారును. మన వేసవిలో రంగు పూసినది పూసినట్లే ఆరిపోవును. ఆ చలిదేశమున నేర్చిన చేయి ఇచ్చట తన పాఠమును మరల మొదటినుండి నేర్చుకొనవలసినదే.

గోదావరీతీరమున వెలుగు గంటగంటకు మారును. ఉదయమున సూర్యకిరణములు ఏటవాలుగా, దట్టమైన గాలిపొరను దాటి వచ్చును. దారిలో నీలికాంతి చెదరిపోగా ఎరుపు, పసుపు మిగులును. మధ్యాహ్నమున నీడలు కాళ్లక్రిందికి ముడుచుకొనిపోవును, ఇసుకతిన్నెలు కన్నులకు మిరుమిట్లు గొలుపును, చెట్ల పచ్చదనము సైతము వెలవెలబోవును. వరదకాలమున ఎర్రమట్టి రంగైన నీరు, చలికాలమున ఆకసపు నీలమును పట్టి చూపును. దూరమందలి కొండ యెంత పచ్చనిదైనను నీలముగా కనబడును. ఇవి యన్నియు పుస్తకమున చదివిన రాదు. నిలిచి చూడవలెను, చూచినదానిని వేసి, తప్పినచో మరల వేయవలెను.

కూల్డ్రేగారు ఈ చూపును తమ కాగితములకే పరిమితము చేసికొనలేదు. ఆ కాలమున మన పాఠశాలలలో చిత్రలేఖనమనగా ముద్రించిన నమూనాను చూచి అట్లే దింపుటయే ఎక్కువగా నుండెను. వారు శిష్యులను వెంటబెట్టుకొని ఊరి వెలుపలికి పోయి, చుట్టుప్రక్కల ప్రకృతిని, పల్లెజనుల బ్రతుకును చూపించుచుండిరి. తాము పాలకజాతివారయ్యును, శిష్యులు ఇంగ్లండును అనుకరింపవలెనని కోరలేదు. అజంతా గుహలలోని చిత్రములవంటి ప్రాచీన భారతీయ కళను గౌరవింపుడని బోధించిరి. అట్లు వారి ఆదరమునకు పాత్రులైనవారిలో అడవి బాపిరాజుగారు, దామెర్ల రామారావుగారు ముఖ్యులు. బాపిరాజుగారు కవియు, చిత్రకారుడును, కాకతీయుల కాలమునాటి గోన గన్నారెడ్డి కథను నవలగా వ్రాసినవారును అయిరి. రామారావుగారు కూల్డ్రేగారి ప్రోత్సాహముననే 1916లో బొంబాయి చిత్రకళాశాలలో చేరిరి.

ఇంతలో కూల్డ్రేగారికి వినికిడిశక్తి క్రమముగా సన్నగిల్లెను. ఉపాధ్యాయునకు కంఠమెంత అవసరమో చెవి అంతకన్న నవసరము. విద్యార్థి సందేహము వినబడనిచో బోధన సగమే సాగును. మేమును ఈ వృత్తిలో నున్నవారమగుటచే ఆ నష్టమెంతటిదో ఊహింపగలము. 1919లో, నలువది యేండ్లయినను నిండకమునుపే, వారు ఉద్యోగమును వీడి స్వదేశమునకు మరలిరి. చెవి మూసికొనిపోయినను కన్ను తెరచియే యుండెను. థేమ్సు తీరమున వారు నీటిరంగులతో ప్రకృతిదృశ్యములను చిత్రించుచు వచ్చిరి. 1920లో వెలువడిన వారి పద్యసంపుటి పేరులోనే థేమ్సు, గోదావరి రెండును చేరినవి. 1924లో దక్షిణభారత జీవితమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించిరి.

శిష్యుని కీర్తి అప్పటికే దేశమున వ్యాపించుచుండెను. రామారావుగారి ఋష్యశృంగుని చిత్రమునకు 1922లో కలకత్తా ప్రదర్శనమున బహుమానము లభించెను. రాజమహేంద్రవరమున వారు చిత్రకళాశాలను నెలకొల్పి, తమకు లభించిన విద్యను ఇతరులకు పంచసాగిరి. కాని 1925 ఫిబ్రవరిలో మశూచికము సోకి, ఇరువదెనిమిదేండ్లు నిండకయే పరమపదించిరి. గురువు శిష్యుని మరణానంతరము ముప్పదిమూడేండ్లు జీవించి, 1958లో కాలధర్మము నొందిరి. రామారావుగారి చిత్రములు నేటికిని రాజమహేంద్రవరమున వారి పేరిటి చిత్రశాలలో నున్నవి. వానిని చూచువారు ఆ గురువు శ్రమఫలమును గూడ చూచుచున్నారనుట అతిశయోక్తి కాదు.

గోదావరి మనకు పరాయి నది కాదు. రాజమహేంద్రవరము చేరుటకు ఎంతో ముందే, భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరము చెంత అది ప్రాణహితను కలుపుకొని సాగును. జనగామ వైపు ఎర్రనేలలు, బండరాళ్లు, మహబూబాబాదు జిల్లాలో బయ్యారము చెరువు మన కన్నులముందే యున్నవి. ఆ జిల్లాలోని పెనుగొండ గ్రామమున 1924లో జన్మించిన కొండపల్లి శేషగిరిరావుగారు పేరుపొందిన చిత్రకారులై 2012 వరకు జీవించిరి. చిత్రకారుని చూపునకు తగినది మన ప్రాంతమున కొరవడలేదు.

కావున విద్యార్థులారా, మీ యింటి ముందరి చెట్టునే ఉదయమున, మధ్యాహ్నమున, సాయంకాలమున చూచి, మూడు కాగితములపై వేయుడు. మూడును ఒక్కతీరుగానే వచ్చినచో మరునాడు మరల చూడుడు. తల్లిదండ్రులకు మా మనవి యేమనగా, బిడ్డ రంగులతో గడపిన గంటను వ్యర్థమని యెంచకుడు. ఆ బిడ్డ చిత్రకారుడు కాకపోవచ్చును. ఏ వృత్తిలో నున్నను, ఉన్నదానిని ఉన్నట్లు చూడనేర్చును.