క్రీడాగురువు రహీం సాహెబ్

హైదరాబాదు నగరం దేశానికి అందించిన ధన్యజీవులలో సయ్యద్ అబ్దుల్ రహీం ఒకరు. భారత ఫుట్‌బాల్ జట్టు శిక్షకునిగా లోకం ఆయనను ఎరుగును. అంతకు మునుపు ఆయన బడిపంతులు అన్న సంగతిని విద్యార్థులమైన మనం విస్మరించరాదు.

1909 ఆగస్టు 17న జన్మించిన రహీం సాహెబ్ ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు. కాచిగూడ మిడిల్ స్కూలులో ఉపాధ్యాయులుగా పనిచేశారు. పిదప వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో క్రీడల బాధ్యత వహించారు.

బాలుడు ఆటకు ఎందుకు వస్తాడు, ఎందుకు మానుకుంటాడు? వ్యాయామ విద్యకు ఇదే మూలప్రశ్న. ఎల్లప్పుడూ ఒకడే గెలుస్తుంటే తక్కినవారు గట్టున కూర్చుంటారు. రహీం సాహెబ్ అలవాటు లేని కాలితోనే తన్నవలసిన పోటీలు, బంతిని వెంట నడిపించుకొని పోరాదన్న పోటీలు బాలురకై నిర్వహించారు. అట్టి ఆటలో మేటి ఆటగాడు సైతం మరల నేర్చుకొనవలసినవాడే. బంతిని తోటివానికి అందించక తప్పదు. వెనుకబడినవానికీ పాలు లభిస్తుంది. నేర్చుకోవాలన్న కోరిక మందలింపుతో గాక, ఇట్టి అవకాశంతో పుట్టునని మేము భావిస్తున్నాము.

అమ్ముగూడకు చెందిన పేద బాలుడు తులసీదాస్ బలరాం అభ్యాసానికి వచ్చేందుకు సైకిలు అద్దె సొమ్ము సైతం ఆయనే ఇచ్చారు. ఆ బాలుడే 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో దేశం పక్షాన ఆడాడు.

రహీం సాహెబ్ శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలుచుకున్నది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో మన జట్టు స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మరల స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయనను క్యాన్సర్ వ్యాధి పీడిస్తున్నది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు.

నేడు మన అమీర్‌పేట, పంజాగుట్టలలో శిక్షణ అనగానే కంప్యూటరు కోర్సుల బోర్డులే మదిలో మెదులుతాయి. మైదానాలు అరుదు. పరీక్షలు సమీపించగానే ఆటల పీరియడును లెక్కలకో, సైన్సుకో అప్పగించడం అనేక పాఠశాలల్లో పరిపాటి. అయినను ఇరుకు ఆవరణలో కూడ నియమం మార్చి ఆడించవచ్చు.

కళాశాల సంఘం పెద్దలకు మాదొక విన్నపం. రాబోవు క్రీడోత్సవంలో మేటివారి పోటీలతోపాటు, అలవాటు లేని కాలితో ఆడే పోటీ ఒకటి నెలకొల్పవలెను. ఇంతకాలం గట్టున కూర్చున్న మా మిత్రులను అందులోనికి ముందుగా పిలువవలెను.