జీతము ముట్టని ఆచార్యుడు

జగదీశచంద్ర బోసు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన, నేడు బంగ్లాదేశములోనున్న మైమెన్‌సింగులో జన్మించెను. తండ్రి భగవాన్‌చంద్రుడు డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ కాలపు ఉద్యోగులు తమ బిడ్డలను ఇంగ్లీషు బడులకు పంపుచుండగా, ఆయన కుమారుని వంగభాషా పాఠశాలలో చేర్చెను. అచ్చట బాలుని కొకప్రక్క తండ్రి కచేరీలోని బంట్రోతు కొడుకు, మరియొక ప్రక్క జాలరి బిడ్డ కూర్చుండెడివారు.

పెరిగి పెద్దవాడై జగదీశుడు 1880లో ఇంగ్లండు వెళ్లెను. వైద్యము చదువబోయి, జ్వరపీడచే దానిని విడిచి, కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రములు నేర్చెను. 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడుగా నియుక్తుడయ్యెను. రాజప్రతినిధి రిప్పన్ ప్రభువు సిఫారసు ఉన్నందున విద్యాశాఖవారు కాదనలేకపోయిరి కాని, భారతీయుడు శాస్త్రములు బోధింపగలడని వారికి నమ్మకము లేదు.

ఆ నమ్మకలేమి జీతములోను కనబడెను. ఆంగ్లేయాచార్యునకు మూడు రూపాయలు ముట్టుచోట, అదే పని చేయు భారతీయునకు రెండే ముట్టుట అప్పటి నిబంధన. బోసు నియామకము తాత్కాలికమనుటచే ఆ రెంటిలోను సగము తగ్గించిరి. పాఠము ఒకటే, విద్యార్థులు వారే, తరగతి గది అదే. ఆయనకు దక్కునది మాత్రము మూడవవంతు!

ఇట్టి అన్యాయమునకు కోపించి ఉద్యోగము మానుకొనుట సులభము. అట్లు చేసినచో, భారతీయులు ఈ పనికి తగరన్న అధికారుల మాటయే నిలిచెడిది. బోసు పని మానలేదు. జీతమును మాత్రము ముట్టనని తెలిపి, ప్రతిదినమును శ్రద్ధతో పాఠములు చెప్పుచు వచ్చెను. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, మూడు సంవత్సరములు!

ఇంట కలిమి యుండి చేసిన పంతము కాదిది. దేశీయ పరిశ్రమలను నిలుపబోయి నష్టపడిన తండ్రి అప్పులలో మునిగియుండెను. 1887లో బోసునకు అబలాదేవితో వివాహమయ్యెను. ఆమె అంతకుముందు మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అనారోగ్యముచే మానుకొన్నది. కలకత్తాలో ఇంటి అద్దెలు భరింపలేక దంపతులు హుగ్లీనది ఆవలియొడ్డున చందర్‌నగరులో కాపురముండిరి. ఆయన పడవలో నది దాటి కళాశాలకు వెళ్లగా, ఆమె ఆ పడవను వెనుకకు నడుపుకొని పోయెడిది. భర్త పంతములో ఆమె పాలు తక్కువ యనరాదు.

తుదకు కళాశాలాధ్యక్షుడు టానీ, విద్యాశాఖాధిపతి క్రాఫ్టు ఆయన బోధనాశక్తిని గుర్తించిరి. ఉద్యోగము స్థిరమయ్యెను. చేరిననాటినుండి పూర్తి జీతమును లెక్కగట్టి ఒక్కసారిగా ఇచ్చిరి. ఆ సొమ్ము తండ్రి అప్పులు తీర్చుటకు వినియోగపడెను.

నిబంధన మాత్రము అందరి విషయమున మారలేదు. 1889లో అదే కళాశాలలో రసాయనశాస్త్రము బోధింపవచ్చిన ప్రఫుల్లచంద్ర రాయి ఎడింబరోలో డాక్టరు పట్టము పొందినవాడు. అయినను ఆయనకు నెలకు 250 రూపాయలే ఇచ్చి, క్రింది శ్రేణిలో నుంచిరి.

1894లో బోసు పరిశోధనకు పూనుకొనెను. కళాశాలలో తగిన ప్రయోగశాల లేదు. చిన్నగదిలో, దేశపు పనివానిచేత పరికరములు చేయించుకొని, విద్యుత్తరంగములను గోడలగుండ పంపి చూపెను. తరువాత మొక్కల స్పందనలను పరిశీలించెను. 1917లో తన జన్మదినమున కలకత్తాలో పరిశోధనాలయమును నెలకొల్పి, 1937 నవంబరు 23వ తేదీన గిరిడీలో మరణించెను.