అందరికీ బాబాయి: కాకా కాలేల్కర్



చాలా ఏళ్లపాటు సీబీఎస్‌ఈ తొమ్మిదో తరగతి హిందీ పుస్తకంలో బురద గురించి ఒక పాఠం ఉండేది. మీలో కొందరు పిల్లల చేత చదివించే ఉంటారు. తామరను మెచ్చుకుంటాం, అది పుట్టిన బురదను చూసి ముఖం తిప్పుకుంటాం, మనం తినే అన్నం ఆ బురదలోంచే వస్తుందని మరిచిపోతాం అని చెప్పే పాఠం అది. దాన్ని రాసిన పెద్దాయనే కాకా కాలేల్కర్.

ఆయన అసలు పేరు దత్తాత్రేయ బాలకృష్ణ కాలేల్కర్. 1885 డిసెంబరు 1న మహారాష్ట్రలోని సతారాలో పుట్టారు. ఇంటి భాష మరాఠీ. పుణెలోని ఫెర్గుసన్ కళాశాలలో బి.ఏ. చదివారు.

మరి 'కాకా' ఎలా అయ్యారు? బరోడాలో గంగనాథ్ విద్యాలయం అనే జాతీయ పాఠశాల ఉండేది. అక్కడ పిల్లలు ఉపాధ్యాయులను వరుస పెట్టి పిలిచేవారు. ఫడ్కేగారు 'మామా' అయ్యారు, కాలేల్కర్‌గారు 'కాకా' అయ్యారు. కాకా అంటే బాబాయి. తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ వినిపించే పిలుపే. బ్రిటిష్ ప్రభుత్వం ఒత్తిడితో ఆ బడి మూతపడింది. పిల్లలు పెట్టిన ఆ పేరు మాత్రం జీవితాంతం ఆయనతోనే ఉండిపోయింది.

బడి పోయాక ఆయన హిమాలయాలకు వెళ్లి, స్వామి ఆనంద్‌తో కలిసి కాలినడకన తిరిగారు. తర్వాత శాంతినికేతన్‌లో ఉండగా, 1915లో అక్కడికి వచ్చిన గాంధీజీని కలిశారు. ఆ పరిచయంతోనే అహ్మదాబాద్ ఆశ్రమానికి చేరి, మళ్లీ పిల్లలకు పాఠాలు చెప్పారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకూ వెళ్లారు. 1930లో యెరవాడ జైల్లో గాంధీజీ దగ్గరే ఉన్నారు.

ఇక్కడే మనం గమనించాల్సిన విషయం ఉంది. గుజరాతీ ఆయన మాతృభాష కాదు. పెద్దయ్యాక నేర్చుకున్నారు. అయినా తన హిమాలయ యాత్రను, చిన్ననాటి జ్ఞాపకాలను గుజరాతీలోనే రాశారు. గుజరాతీకి స్థిరమైన వర్ణక్రమం కావాలనుకున్నప్పుడు గాంధీజీ ఆ పని అప్పగించినవారిలో ఆయనా ఒకరు. ఆ నిఘంటువు 1929లో వచ్చింది. గాంధీజీ ఆయనను గుజరాతీవాళ్లకంటే పావు వంతు ఎక్కువ గుజరాతీ అనే అర్థంలో 'సవాయి గుజరాతీ' అనేవారు. 1965లో సాహిత్య అకాడమీ పురస్కారం కూడా గుజరాతీ పుస్తకానికే వచ్చింది.

ఆయన నదులనూ బంధువుల్లాగే చూశారు. దేశంలోని నదులను అమ్మలుగా భావించి వ్యాసాలు రాశారు. మద్రాసు నుంచి రాజమండ్రి వెళ్తూ బెజవాడ దాటాక చూసిన సూర్యోదయం, ఆ తర్వాత కనిపించిన గోదావరి వెడల్పు ఆ వ్యాసాల్లో ఉన్నాయి. మనం కిటికీ పక్కన కూర్చుని కూడా ఫోన్ చూసుకుంటూ దాటేసే నది అదే.

1952 నుంచి 1964 వరకు ఆయన రాజ్యసభ సభ్యులు. 1964లో పద్మవిభూషణ్ అందుకున్నారు. దేశంలో మొదటి వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షులూ ఆయనే. 1955లో నివేదిక ఇస్తూ, కులాన్ని ఆధారం చేసుకోవడంపై తన అభ్యంతరాన్ని లేఖలో విడిగా రాశారు. ప్రభుత్వం ఆ నివేదికను అమలు చేయలేదు. దానిపై ఆయనను విమర్శించినవారూ ఉన్నారు. 1981 ఆగస్టు 21న, 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

సెకండ్ లాంగ్వేజ్ అనగానే మన ఇళ్లలో మొదట వచ్చే మాట మార్కులే. కాకా జీవితం చూస్తే, భాష కూడా వరుస కలుపుకుంటే దగ్గరయ్యే బంధువే అనిపిస్తుంది. ఈసారి రైల్లో గోదావరి వంతెన వచ్చినప్పుడు పిల్లలను కిటికీ దగ్గరికి పిలవండి. ఏం కనిపించిందో వాళ్లు నేర్చుకుంటున్న భాషలో నాలుగు మాటలు చెప్పమనండి. తప్పులుంటే ఉండనివ్వండి.